ఊరంతా ఒకే వంగడం వేస్తే

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "జ్ఞాపకాలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నువ్వు వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా చేసి రిటైరయినావు. మనూళ్లకు పనికొచ్చే మాట ఒకటి చెప్పు" అన్నాడు. ఇక్కడున్న వాళ్లలో చాలామందిమి వ్యవసాయం వదిలేసి వెళ్లినవాళ్లమే. నెల్లూరులో, చెన్నైలో, బెంగళూరులో, హైదరాబాదులో, ఇంకా దూరదేశాల్లో ఉన్నాం. అయినా కలువాయిలోనో, చుట్టుపక్కల పల్లెల్లోనో నాన్న పేరు మీదో, తాత పేరు మీదో నాలుగెకరాలు ఇంకా ఉన్నాయి. కౌలుకు ఇచ్చి ఉంటాం. అందుకే ఈ మాట మీకు కూడా చెప్పాల్సిందే అనుకున్నాను.

మాట చిన్నది. పైరుకు తెగులును తట్టుకునే శక్తి ఒక రైతు సొత్తు కాదు. చెరువు నీళ్లలాగా అది ఊరందరి ఉమ్మడి ఆస్తి. అందరం ఒకేసారి ఒకే రకంగా వాడితే అది ఇంకిపోతుంది.

నేను చేసిన తప్పు

ముందుగా నా తప్పు చెప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో జిల్లాలో ఒక పల్లెకు వెళ్లేవాణ్ణి. ఊరి పేరు చెప్పను, వంగడం పేరు కూడా చెప్పను. తప్పు ఊరిదీ కాదు, వంగడానిదీ కాదు.

అక్కడ అగ్గి తెగులు ఎక్కువ. నేను వెళ్లిన ఏడాది పైరు బాగా దెబ్బతింది. తెగులును తట్టుకునే కొత్త విత్తనం తెప్పించి పదిమంది రైతుల చేత వేయించాను. పక్క కయ్యలన్నీ కాలినట్టు ఉంటే ఈ పది కయ్యలు పచ్చగా నిలబడ్డాయి. రెండో ఏడు ఊరు సగం వేసింది. మూడో ఏడు అందరూ వేశారు. నేను కూడా ఇల్లిల్లూ తిరిగి, "ఇంకా ఆ పాత రకం ఎందుకు పెద్దాయనా" అని చెప్పి మరీ వేయించాను. ఆఫీసులో నాకు మంచి పేరు వచ్చింది.

నాలుగో ఏడు డిసెంబరులో వారం రోజులు మబ్బు, తుంపర, పొద్దున్నే మంచు. ఒక రైతు ఆకు తెంచి తెచ్చి చూపించాడు. ఆకు మీద నూలు కండె ఆకారంలో మచ్చలు. చుట్టూ గోధుమ రంగు, మధ్యలో బూడిద రంగు. చూడగానే పోల్చుకోవాల్సింది. కానీ "ఈ రకానికి అగ్గి తెగులు రాదు, ఇది వేరే మచ్చ" అని చెప్పి పంపించాను. ఆ వారం పోనిచ్చాను. వెన్నులు బయటికి వచ్చేసరికి మెడ విరుపు మొదలైంది. వెన్ను కింది కణుపు నల్లబడి, వెన్ను విరిగి వేలాడుతుంది, గింజంతా తాలు. ఎకరాకు మూడు పుట్లు వస్తాయని చూసిన చోట పుట్టి కూడా రాలేదు. మన పుట్టి 850 కిలోలని పిల్లలకు తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను.

ఒక పెద్దాయన గట్టు మీద కూర్చుని నన్ను తిట్టలేదు. "ఏంది నాయనా, నువ్వు చెప్పిన ఇత్తనమే గదా ఏసినాం" అన్నాడు, అంతే. ఆ మాట నాకు ఈరోజుకీ గుర్తుంది.

ఆ ఆయకట్టు నడిమధ్యలో ఒక పెద్దమ్మ రెండు కయ్యల్లో ఇంటి తిండికని పాత రకమే వేసుకుంది. దానికీ మచ్చలు తగిలాయి. కానీ పైరు చావలేదు, పంట ఇంటికి వచ్చింది. ఆ రెండు కయ్యలు ఎందుకు బతికాయి, మిగతా ఊరంతా ఎందుకు పోయింది అన్నది తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

కాపలాదారు, దొంగ

అగ్గి తెగులు ఒక శిలీంద్రం వల్ల వస్తుంది. కంటికి కనిపించని దాని బీజాలు గాలిలో తేలుతూ వస్తాయి. రాత్రి చల్లదనం 20 డిగ్రీల దగ్గర ఉండి, ఆకు మీద మంచు పది గంటలు నిలిస్తే మొలకెత్తి ఆకులోకి దిగుతాయి. వారం తిరక్కముందే ఆ మచ్చ మీద మళ్లీ వేల బీజాలు తయారవుతాయి. మన జిల్లాలో ముఖ్య పంట రబీ. పిలకలు తొడిగి వెన్ను తీసే రోజులు సరిగ్గా ఆ చలికాలంలో పడతాయి. అందుకే నెల్లూరు వరికి అగ్గి తెగులు ఇంటి చుట్టం లాంటిది.

పైరు దీన్ని ఎలా ఆపుతుంది? పైరులో ఒక జన్యువు కాపలాదారులాగా ఉంటుంది. శిలీంద్రం లోపలికి దిగేటప్పుడు వదిలే ఒక పదార్థాన్ని అది గుర్తుపడుతుంది. గుర్తుపట్టగానే చుట్టూ ఉన్న నాలుగు కణాలను చంపేసి దారి మూసేస్తుంది. అందుకే తట్టుకునే రకం మీద సూది మొనంత చుక్క తప్ప పెద్ద మచ్చ కనిపించదు.

కానీ ఈ కాపలాదారు దొంగను చొక్కా చూసి గుర్తుపడతాడు. చొక్కా మార్చుకున్న దొంగను వదిలేస్తాడు. కోట్ల బీజాల్లో ఎక్కడో ఒకటి ఆ పదార్థం లేకుండా పుడుతుంది. ఊళ్లో పదిరకాల వరి ఉంటే ఆ ఒక్క బీజానికి బతికే చోటు తక్కువ. గాలికి ఎగిరి పక్క కయ్యలో పడితే అక్కడ వేరే కాపలాదారు ఉంటాడు. ఊరంతా ఒకే రకం ఉంటే? ఎక్కడ పడినా దానికి అన్నం పెట్టే ఇల్లే. మిగతా బీజాలన్నీ ఆకలికి చస్తాయి, ఇది ఒక్కటే పెరుగుతుంది. రెండు మూడేళ్లలో ఊళ్లో ఉన్న శిలీంద్రమంతా దాని సంతానమే అవుతుంది. నేను ఇల్లిల్లూ తిరిగి చేసిన పని అదే. శత్రువుకు పనికొచ్చే బీజాన్ని నేనే ఏరి పెంచాను.

ఆ పెద్దమ్మ పాత రకంలో గట్టి కాపలాదారు ఒక్కడు లేడు. దాని బదులు చిన్న చిన్న అడ్డంకులు చాలా ఉన్నాయి. మచ్చ వస్తుంది, కానీ ఆలస్యంగా వస్తుంది, చిన్నగా ఉంటుంది, తక్కువ బీజాలు ఇస్తుంది. చూడ్డానికి గొప్పగా ఉండదు. కానీ దాన్ని ఒక్క దెబ్బతో పడగొట్టడం శిలీంద్రానికి చేతకాదు.

అయితే పాత రకాలన్నీ గొప్పవి, కొత్తవన్నీ చెడ్డవి అని నేను చెప్పడం లేదు. పాత రకాల కాలంలోనే, 1919లో తంజావూరు డెల్టాలో అగ్గి తెగులు ఊళ్లకు ఊళ్లను దెబ్బతీసింది. రకం కొత్తదా పాతదా అన్నదానికంటే ఎంత భూమిలో ఒకే రకం ఉంది అన్నదే ముఖ్యం.

నెల్లూరు ఏం చేసింది

మన జిల్లాకు ఒక అదృష్టం ఉంది. 1937 నుంచి నెల్లూరులో వరి పరిశోధన స్థానం పనిచేస్తోంది. మన తాతలు పండించిన మొలగొలుకులు సన్నబియ్యంగా పేరు పొందినవే. ఆ తర్వాత ఎన్.ఎల్.ఆర్. అని మొదలయ్యే నంబర్లతో ఎన్నో వంగడాలు ఆ స్థానం నుంచి వచ్చాయి. సోమశిల, స్వర్ణముఖి, తిక్కన, పినాకిని, వేదగిరి అని మన నదుల పేర్లు, మన కవి పేరు, మన కొండల పేర్లు పెట్టారు. ఇప్పుడు ఎక్కువగా వింటున్న 34449ని నెల్లూరు మసూరి అంటాం.

ఆ స్థానానికి నేను తరచూ వెళ్లేవాణ్ణి. దేశంలో ఎక్కడెక్కడో తయారైన వరి రకాలు అగ్గి తెగులును తట్టుకుంటాయో లేదో తేల్చడానికి నెల్లూరుకు పంపుతారు. ఎత్తు మడుల్లో ఒక్కో రకం ఒక్కో చిన్న వరుసగా చల్లుతారు. చుట్టూ అగ్గి తెగులుకు లొంగిపోయే హెచ్.ఆర్. 12 లాంటి రకం వేస్తారు. నత్రజని ఎక్కువ వేస్తారు, నీళ్లు చిలకరిస్తారు. తెగులు ఎంత బాగా వస్తే పరీక్ష అంత బాగా జరిగినట్టు. తర్వాత ఒక్కో వరుసకు సున్నా నుంచి తొమ్మిది దాకా మార్కులు వేస్తారు. మన బడికీ అక్కడికీ తేడా ఏమిటంటే, అక్కడ సున్నా వచ్చినవాడు ఫస్టు, తొమ్మిది వచ్చినవాడు ఫెయిలు.

ఆ పరీక్షలో సున్నా వచ్చిన రకానికి ఐదారేళ్ల తర్వాత నాలుగు, ఐదు మార్కులు పడిన సందర్భాలు ఉంటాయి. వరి మారలేదు, శిలీంద్రం మారింది. కాబట్టి శాస్త్రవేత్తలు కొత్త రకం ఇస్తూనే ఉండాలి. కానీ ఒక రకం తయారు కావడానికి పది పన్నెండేళ్లు పడుతుంది. దాన్ని మనం నాలుగేళ్లలో పాడుచేస్తే వాళ్లు మాత్రం ఎంతకని ఇస్తారు?

ఇంకో సంగతి. పేర్లు వేరైనంత మాత్రాన రకాలు వేరు కావు. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, అంటే బి.పి.టి. 5204, మనందరికీ ఇష్టమైన అన్నం. కానీ అగ్గి తెగులుకూ, బాక్టీరియా ఆకు ఎండు తెగులుకూ తేలిగ్గా లొంగుతుంది. రుచి బాగుందని దాన్ని ఎన్నో సంకరాలకు వాడారు. నెల్లూరు మసూరి తల్లిదండ్రుల్లో ఒకటి ఐ.ఆర్. 72 అయితే రెండోది ఈ సాంబ మసూరే. మన సన్నాల్లో చాలావాటిని తవ్వితే ఎక్కడో ఒకచోట ఆ చుట్టరికం బయటపడుతుంది. కాబట్టి నాలుగు పేర్ల విత్తనం వేసినంత మాత్రాన నాలుగు రకాల కాపలా ఉన్నట్టు కాదు. "దీనికి తట్టుకునే గుణం ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడగాలి.

ఒకే విత్తనంలో ఒకరికి ముగ్గురు కాపలాదార్లను పెట్టే పద్ధతి కూడా ఉంది. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, సి.సి.ఎం.బి. కలిసి సాంబ మసూరిలోకి ఆకు ఎండు తెగులును ఆపే మూడు జన్యువులను సంకరం ద్వారా తెచ్చారు. 2008లో అది విడుదలైంది. ఆ మూడింటిలో ఒకటి ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. దొంగ ఒకేసారి మూడు చొక్కాలు మార్చుకుంటే తప్ప లోపలికి రాలేడు. ఇది మంచి పద్ధతి. కానీ పక్క ఊళ్లలో ఆ మూడు జన్యువులూ విడివిడిగా ఉన్న రకాలు వేస్తే దొంగ ఒక్కో ఊళ్లో ఒక్కో చొక్కా కుట్టించుకుంటాడు. మళ్లీ అదే మాట: ఒక కయ్యలో ఏముంది అన్నదానితో పాటు చుట్టూ ఏముంది అన్నదీ చూడాలి.

బయటి ఊళ్ల అనుభవం

ఇది మన ఒక్కరి బాధ కాదు. 1970లో అమెరికాలో మొక్కజొన్న విత్తనంలో ఎక్కువ భాగం ఒకే రకం తల్లి నుంచి తయారైంది. దానికి సరిపడే ఆకు తెగులు వచ్చి ఒక్క ఏడాదిలో దేశం పంటలో దాదాపు 15 శాతం పోయింది. అంత చదువు, అంత డబ్బు ఉన్న దేశంలో కూడా పోయింది. మన ఉత్తరాదిలో కల్యాణ్‌సోనా అనే గోధుమ హరిత విప్లవానికి పేరు తెచ్చింది. ఎక్కడ చూసినా అదే వేశారు. 1970ల మొదట్లో తుప్పు తెగులుకు లొంగిపోయింది.

సరిదిద్దుకున్నవాళ్లు కూడా ఉన్నారు. చైనాలో యునాన్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ జిగురు బియ్యానికి ధర ఎక్కువ, కానీ అగ్గి తెగులు ఎక్కువ. 1998లో ఐదు మండలాల లాంటి ప్రాంతాల్లో 812 హెక్టార్ల వరి పొలమంతటా ఒక పద్ధతి పెట్టారు. తెగులును తట్టుకునే సంకర వరి నాలుగు వరుసలు, మధ్యలో జిగురు వరి ఒక వరుస. మరుసటి ఏడు 3,342 హెక్టార్లకు పెంచారు. జిగురు వరిని విడిగా వేసినప్పటితో పోలిస్తే తెగులు తీవ్రత 94 శాతం తగ్గింది, ఆ రకం దిగుబడి 89 శాతం పెరిగింది. చివరికి మందు కొట్టడం మానేశారు. 2000లో ఆ ఫలితాలు ప్రపంచానికి తెలిశాయి. అందులో కొత్త విత్తనం లేదు, కొత్త మందు లేదు. ఉన్న రెండు రకాలనే వేరే విధంగా నాటారు. ఆ జిల్లా రైతులందరూ కలిసి నాటారు కాబట్టి అంత ఫలితం వచ్చింది.

జపానులో నీగాతా అనే ప్రాంతం కోషిహికారి బియ్యానికి పేరు పొందింది. మనకు మొలగొలుకుల్లాగా. దానికీ అగ్గి తెగులు బాధే. 2005 నుంచి వాళ్లు అన్నానికి ఒకేలా ఉండి, తట్టుకునే జన్యువు మాత్రం వేరువేరుగా ఉన్న కోషిహికారి విత్తనాలను కలిపి ప్రాంతమంతటికీ ఇస్తున్నారు. శిలీంద్రంలో వచ్చే మార్పులు గమనించి కలిపే పాళ్లు మారుస్తారు. మిల్లరుకు ఒకే బియ్యం, తెగులుకు మాత్రం పది తలుపులు.

మన పొలాల్లో ఏం చేయగలం

యునాన్ పద్ధతి మన దగ్గర యథాతథంగా నడవదు. వాళ్లు చేత్తో కోస్తారు, మనం మిషనుతో కోస్తాం. రెండు రకాలు కలిపితే మిల్లరు కొనడు, కొన్నా పుట్టికి ఇంత తగ్గిస్తాడు. కాలువ నీళ్లు ఆగే రోజు అందరికీ ఒకటే, కాబట్టి ఒకరిది నాలుగు నెలల పంట, ఇంకొకరిది ఆరు నెలల పంట అంటే కుదరదు. రైతు ఒకే రకం వెనుక పడేది తెలివి లేక కాదు. ధర, కోత, నీళ్లు మూడూ అటే లాగుతాయి. ఇవి తెలిసే నాలుగు మాటలు చెబుతున్నాను.

మొదటిది. ఒకే ఆయకట్టు కింద ఒకే వంగడం సగానికి మించకుండా చూసుకుందాం. పంట కాలం దాదాపు ఒకటిగా ఉండి, గింజ కూడా ఒకే కోవలో ఉండి, తట్టుకునే గుణం మాత్రం వేరే చోటి నుంచి వచ్చిన రెండు మూడు రకాలు ఎంచుకుంటే కోతకూ అమ్మకానికీ ఇబ్బంది ఉండదు. ఏవి వేరు, ఏవి చుట్టాలు అన్నది నెల్లూరు పరిశోధన స్థానాన్ని అడిగి తెలుసుకోవచ్చు. వరుసలు కలిపి నాటినంత మేలు ఇలా కయ్యలు మార్చి వేస్తే రాదు. తెగులు పూర్తిగా ఆగదు. కానీ ఒక రకం లొంగిపోయిన ఏడాది ఊరు ఊరంతా పోదు, ఆ రకం బలం కూడా ఇంకొన్నేళ్లు నిలుస్తుంది.

రెండోది. గట్టి రకం వేశాం కదా అని భారమంతా దాని మీద వేయకూడదు. యూరియా ఒక్కసారే గుమ్మరిస్తే ఏ కాపలాదారు కూడా నిలవడు. దఫాలుగా వేయాలి. మబ్బు, మంచు ఉన్న వారంలో పైపాటు ఆపాలి. గట్ల మీద గడ్డి తీయాలి. విత్తనశుద్ధి చేయాలి. నాట్లు ఆలస్యమైన కయ్యల మీద ముందు నాటిన కయ్యల బీజాలన్నీ వచ్చి పడతాయి, కాబట్టి ఒక కాలువ కింద నాట్లు దగ్గర దగ్గరగా ముగిసేలా చూసుకోవాలి. రబీలో తెగులు వచ్చిన రకాన్నే, ఆ కయ్యల విత్తనాన్నే ఎడగారుకు దాచుకోకూడదు.

మూడోది. ఆయకట్టులో ఒక మూల సెంటు భూమిలో తెగులుకు తేలిగ్గా లొంగే రకం వేసి చూస్తూ ఉండాలి. దాని మీద మచ్చ కనబడితే ఊళ్లోకి బీజాలు వచ్చాయని అర్థం. ఇక గట్టి రకం మీద నూలు కండె మచ్చ కనబడితే అది ఇంకా పెద్ద వార్త. నేను చేసినట్టు "ఈ రకానికి రాదు" అని పంపేయకండి. అదే రోజు వ్యవసాయాధికారికి చూపించండి. లీటరు నీటికి 0.6 గ్రాముల ట్రైసైక్లజోల్ అని మనందరికీ నోటికి వచ్చిన మాట. అది అవసరమైనప్పుడు కొట్టాల్సిన మందే, కానీ క్యాలెండరు చూసి కొట్టేది కాదు. ఐరోపా దేశాలు బియ్యంలో ఆ మందు అవశేషాల పరిమితిని కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01కి తగ్గించేశాయి. మన బాస్మతి ఎగుమతిదారులు దాంతో ఇబ్బంది పడ్డారు. శిలీంద్రం జన్యువునే దాటగలిగినప్పుడు మందును మాత్రం దాటలేదా?

నాలుగోది. ఇదంతా ఎవరో ఒకరు కూర్చోబెట్టి మాట్లాడించాలి. 1997 చట్టం వచ్చాక నీటి సంఘాలు ఏర్పడ్డాయి. నీళ్లు ఎప్పుడు వదలాలి అని మాట్లాడుకునే సమావేశంలోనే ఎవరు ఏ వంగడం వేస్తున్నారు అన్న మాట కూడా ఒక అరగంట మాట్లాడుకుంటే చాలు. నీళ్లు పంచుకోవడం తెలిసిన ఊరికి ఇది చేతకాని పని కాదు.

వరి మాటే కాదు, మన మెట్ట వైపు నిమ్మ తోటలు ఉన్నాయి. గూడూరు, పొదలకూరు మార్కెట్లకు మన నిమ్మకాయలు పోతాయి. వరి తప్పు మరుసటి ఏడు దిద్దుకోవచ్చు. నిమ్మ చెట్టు నాటితే పదిహేను, ఇరవై ఏళ్లు దానితో కాపురం చేయాలి. ఊరంతా ఒకే నర్సరీలో, ఒకే చెట్టు సంతానం తెచ్చి నాటితే గజ్జి తెగులు వచ్చినా, వైరస్ వచ్చినా అందరికీ ఒకటే గతి. తిరుపతి నుంచి వచ్చిన బాలాజీ రకం గజ్జిని బాగా తట్టుకుంటుంది. మంచి రకమే. కానీ తోటలన్నీ బాలాజీయే అయితే నేను మళ్లీ ఇదే ప్రసంగం నిమ్మ మీద చేయాల్సి వస్తుంది.

మన సంఘం చేయగలిగిన పని

ఇక చివరి మాట మీకు. మన భూములు కౌలుకు చేసేవాళ్ల మీద భారం ఎక్కువ. ముందే కౌలు ఒప్పుకున్నాడు, అప్పు తెచ్చాడు. అందరూ వేసింది వేస్తే పోయినా అందరితో పాటు పోతుంది. వేరే రకం వేసి పుట్టికి ధర తగ్గితే తాను ఒక్కడే మునుగుతాడు. ఆ భయాన్ని మనం తగ్గించగలం. ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు కౌలు సంగతి అడిగే ముందు, "ఏ వంగడం వేస్తున్నావు, చుట్టుపక్కల వాళ్లు ఏం వేస్తున్నారు?" అని అడగండి. వేరే రకం వేయడం వల్ల ధరలో తేడా వస్తే కౌలులో కొంత సర్దుబాటు చేస్తానని చెప్పండి. మనకు అది పెద్ద మొత్తం కాదు. అతనికి అదే ధైర్యం.

రెండో పని మన బడిలో చేయొచ్చు. మా సైన్సు మాస్టారు మమ్మల్ని చెరువు గట్టుకు తీసుకెళ్లి ఆకులు ఏరించేవారు. ఒకసారి రొట్టె మీద బూజును భూతద్దంలో చూపించి, "ఇది కూడా బతకాలనే చూస్తుందిరా, దాని తెలివి తక్కువని అనుకోవద్దు" అన్నారు. నేను వ్యవసాయ కాలేజీలో చదివిన తెగుళ్ల పాఠాలన్నిటికంటే ఆ మాట నాకు ఎక్కువ ఉపయోగపడింది. నాలుగో ఏడు ఆ పల్లెలో అది గుర్తుకొచ్చి ఉంటే ఎంత బాగుండేదో.

నా కోరిక ఇది. ఊరి పొలాల పటం పెద్దది ఒకటి గీయించి బడి గోడకు తగిలిద్దాం. ప్రతి రబీలో తొమ్మిదో తరగతి పిల్లలు ఇళ్లలో అడిగి, ఏ సర్వే నంబరులో ఏ వంగడం ఉందో ఒక్కో రంగుతో నింపుతారు. ఈ-పంట నమోదులో ఏ పొలంలో ఏ పంట అని ఎలాగూ రాస్తున్నారు, దానితో సరిచూసుకోవచ్చు. పటం మీద నాలుగు రంగులు కనబడితే సంతోషం. ఒకే రంగు పరుచుకుపోతోందంటే ఆ పటం ముందే చెబుతుంది. రైతు బడికి వచ్చి ఆ గోడ చూస్తే నేను ఇప్పుడు గంట సేపు చెప్పినదంతా ఒక్క నిమిషంలో తెలుస్తుంది. పటానికి, రంగులకు అయ్యే ఖర్చు నేను పెట్టుకుంటాను. ఏటా దాన్ని నింపించే బాధ్యత ఈ సంఘం తీసుకోవాలి.

పదేళ్ల తర్వాత మనం మళ్లీ కలిసినప్పుడు పది పటాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. మన ఊరు ఏ రకాన్ని ఎన్నేళ్లు కాపాడుకుందో, ఏది ఎప్పుడు పోగొట్టుకుందో అందులో ఉంటుంది. నెల్లూరు శాస్త్రవేత్తలకు కూడా అది పనికొస్తుంది.